ఏడో గది ఆవిడ ముఖం

"ఇందులో ఉన్నది నేను కాదు," అంది పిట్ట.

టైలరమ్మ దారం పళ్లతో తెంపింది. తల ఎత్తలేదు.

"నిన్నే అక్కా. వైద్యానికి సాయం చెయ్యమని నెట్‌లో పెట్టిన ఈ పేజీలో పేరు నాది. జబ్బు నాది. కింద పెట్టిన ఆస్పత్రి కాగితాలు నావి. మొహం మాత్రం ఏడో గది ఆవిడది. ఏంటిది?"

"ఫోన్ ఎందుకు ముట్టుకున్నావు? కళ్లకి శ్రమ వద్దన్నారు కదా డాక్టరు."

"కళ్లు బాగానే ఉన్నాయి. అందుకే కనబడింది."

టైలరమ్మ మిషను చక్రం మీద చెయ్యి పెట్టి ఆపేసింది. ఆ చిన్న గదిలో మిషను చప్పుడు ఆగితే ఇక వినడానికి ఏమీ ఉండదు. రెండు ఇనుప మంచాలు, ఒక స్టూలు, అద్దెకు తెచ్చిన మిషను, గోడ నుంచి గోడకి కట్టిన తాడు మీద ఆరని బట్టలు. వారం రోజులుగా ఆ గదంతా చెమ్మ వాసన. మోకాళ్ల నొప్పి, డాబా ఎక్కలేనని చెప్పి టైలరమ్మ బట్టలు లోపలే ఆరేస్తోంది.

"చెప్పు," అంది పిట్ట.

"నీదే పెట్టాను ముందు."

"ఏది?"

"నీ మొహమే. పదకొండు రోజులు పెట్టాను. ఏం రాశారో తెలుసా కింద? 'ఈవిడ మా అందరికంటే నిండుగా ఉంది' అని ఒకడు. 'పెళ్లికూతురిలా ఉంటే వైద్యం దేనికమ్మా' అని ఇంకొకత్తె. పదకొండు రోజులకీ వచ్చింది మన గది అద్దెకి కూడా చాల్లేదు."

పిట్ట తన బుగ్గలు తడుముకుంది. మందులకి అవి ఉబ్బి నున్నగా, గుండ్రంగా తయారయ్యాయి. తల మీద జుట్టు లేకపోయినా, రుమాలు కట్టుకుంటే, ఎవరో ఇంట్లో వేడుక చూసుకుని వచ్చిన మనిషిలా ఉంటుంది. ఉన్నట్టుండి ఆమెకి నవ్వొచ్చింది.

"అయితే నా మొహం చాల్లేదన్నమాట. చిన్నప్పటినుంచీ ఇంతే. స్కూల్ నాటకంలో కూడా ఏడ్చే వేషం నాకెవరూ ఇవ్వలేదు."

టైలరమ్మ కూడా నవ్వబోయింది. అంతలో పిట్ట నవ్వు ఆగిపోయింది.

"ఆవిడకి చెప్పావా?"

"తీసుకోమంది."

"దేనికి తీసుకోమంది?"

దానికి టైలరమ్మ దగ్గర జవాబుంది. చెప్పకుండా, తెంపిన దారం వేలికి చుట్టుకుంది.

ఆ లాడ్జిలో పద్దెనిమిది గదులు. అన్నిట్లోనూ రోడ్డుకి అవతలున్న ఆస్పత్రి కోసం వచ్చినవాళ్లే. ఎవరి పేరూ ఎవరూ అడగరు. పేరడిగితే ఊరడగాలి, ఊరడిగితే జబ్బు ఎంతదాకా వచ్చిందని అడగాలి. అందుకే అందరూ గది నంబర్లే. ఒక రాత్రీ ఒక పగలూ రైల్లో కూర్చుని వచ్చిన ఈ అక్కాచెల్లెళ్లు తొమ్మిదో గదివాళ్లు. వచ్చి నాలుగు నెలలు దాటింది. ఊళ్లో స్కూలు యూనిఫారాలు కుట్టే షాపు మూతపడింది. షాపులో ఉన్న మూడు మిషన్లూ పిట్ట మొదటి రెండు కీమోలకి సరిపోయాయి. ఆ స్కూల్లోనే లెక్కలు చెప్పే పిట్ట జీతం రెండో నెలకే ఆగింది.

ఇక్కడ టైలరమ్మ పేషెంట్లకి జాకెట్లు కుడుతోంది. ఆపరేషను అయినవాళ్లు చెయ్యి పైకెత్తలేరు కాబట్టి ముందువైపు గుండీలు, ఒంటికి తగిలించిన గొట్టం సంచీ పెట్టుకోడానికి లోపల జేబు. మొదటి జాకెట్టు ఏడో గది ఆవిడకే కుట్టింది. అది వేసుకుని ఆవిడ డాబా మీద ఎండలో నిలబడింది. మెడ ఎముకలు తేలి, కళ్లు మొహమంతా తామే అయినట్టు పెద్దవై. టైలరమ్మ ఫోన్ ఎత్తేసరికి నవ్వు ఆపేసి సూటిగా చూసింది.

"తీసుకో వదినా. నలుగురికి పనికొస్తుంది," అంది.

జాకెట్టు గురించి అంది. ఆ సంగతి టైలరమ్మకి బాగా తెలుసు.

"తీసెయ్," అంది పిట్ట.

"తీస్తే? రేపు నాలుగో కీమో. ఇంకా రెండున్నాయి ఆ తర్వాత. సోమవారం రెండో విడత ఖాతాలో వేస్తామన్నారు ఆ పేజీ నడిపేవాళ్లు. ఇప్పుడు తీస్తే ఎందుకు తీశావని అడుగుతారు. సోమవారం దాకా ఓపిక పట్టు."

"ఆవిడ పోయి పదమూడు రోజులైంది అక్కా. పోయిన మనిషి సోమవారం దాకా నా పేరు మొయ్యాలా?"

"మోస్తే మోసింది! నిన్ను నేను మొయ్యట్లేదా?"

అనకూడని మాట అనేసింది. వెనక్కి తీసుకుందామంటే ఎలా తీసుకోవాలో తెలియలేదు. పిట్ట గోడవైపు తిరిగి పడుకుంది. ఫోన్ మాత్రం ఇవ్వలేదు, రెండు చేతుల్లోనూ పట్టుకునే ఉంది.

టైలరమ్మ మిషను ముందే కూర్చుండిపోయింది. పిట్టకి చెప్పనిది ఇంకోటుంది. ఎవరైనా డబ్బు పంపినప్పుడల్లా ఫోన్ చిన్నగా మోగుతుంది. మోగి, ఆ ముఖం తెర మీద చిన్న గుండ్రంలో కనిపిస్తుంది. రోజుకి పాతిక సార్లు, ముప్పై సార్లు. కూర తరుగుతుంటే చూస్తుంది. బిల్లు కౌంటర్ దగ్గర వరసలో నిలబడితే చూస్తుంది. మొదట్లో ఆ మోత వినబడితే ప్రాణం లేచొచ్చేది. ఆవిడ పోయిందని తెలిశాక ఒళ్లు జలదరించడం మొదలైంది. డాబా మీద బట్టలు ఆరేస్తుంటే వెనక రబ్బరు చెప్పుల చప్పుడు, రెండడుగులు వేసి ఆయాసంతో ఆగి, మళ్లీ రెండడుగులు. తిరిగి చూస్తే దుప్పట్లు. మోకాళ్లకి నొప్పి వచ్చింది అప్పుడే.

"టైలరమ్మా!" మెట్ల కిందనుంచి మేనేజరు కేక వేశాడు. "ఏడో గది డ్రైవరు వచ్చాడు. పైకి వస్తున్నాడు, నీకోసమే!"

పిట్ట దిగ్గున లేచి కూర్చుంది.

అక్కాచెల్లెళ్లిద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. తగాదా అయ్యాక ఇద్దరూ ఒకవైపు నిలబడాల్సి రావడం అంత తొందరగా జరుగుతుందని ఇద్దరూ అనుకోలేదు.

ఏడో గది ఆవిడ భర్త వేరే ఊళ్లో సిటీ బస్సు డ్రైవరు. యూనిఫారం చొక్కాతోనే వచ్చాడు. మూడో గుండీ లేదు. ఆ జాగాలో పిన్నీసు పెట్టుకున్నాడు. 'ఇటివ్వు తమ్ముడూ, కుట్టి ఇస్తా' అనే మాట అలవాటు కొద్దీ టైలరమ్మ పెదవుల దాకా వచ్చింది.

"బాగున్నావా అక్కా?" అన్నాడు గుమ్మంలోనే నిలబడి. తర్వాత పిట్టని చూసి, "మీకెలా ఉంది?" అన్నాడు.

"కూర్చో తమ్ముడూ."

స్టూలు తలుపు దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు. చాలాసేపు టోపీని మోకాలి మీద పెట్టి తిప్పుతూ ఉన్నాడు. టైలరమ్మ ఎదురు చూసింది. తిడతాడు. లేకపోతే కొడతాడు. కొడితే పడాలని మనసులోనే అనుకుంది.

"ఫోటో చూశాం," అన్నాడు.

"తమ్ముడూ..."

"నేను గొడవకి రాలేదక్కా. పాప కోసం వచ్చాను. తను కూడా వచ్చింది. కింద కూర్చోమన్నాను. కూర్చునే రకం కాదు."

టోపీ తిప్పడం ఆపాడు.

"ఆఖరు రోజుల్లో పాపని వాళ్ల పిన్ని ఇంట్లో ఉంచాను. వాళ్లమ్మ మొహం అలా చూడకూడదనుకున్నాను. మంచి మొహమే గుర్తుండనీ అని. అంతా అయిపోయాక తీసుకొచ్చి చెప్పాను. ఏడ్చింది. నమ్మింది. మెల్లగా సర్దుకుంటోంది అనుకున్నాను. మొన్న స్కూల్లో ఎవరో పిల్ల ఫోన్‌లో చూపించిందట. 'మీ అమ్మ వైద్యానికి డబ్బులు అడుగుతోందే' అని."

టైలరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఇంటికొచ్చి నన్ను చూసి నవ్విందక్కా. 'నాన్నా, నువ్వు అబద్ధం చెప్పావుగా!' అని. అరిచినా బాగుండేది. నవ్వింది. సంచీలో అమ్మ చీరలు రెండు సర్దుకుంది."

"కింద పేరు వేరే ఉంది కదా తమ్ముడూ," అంది పిట్ట. "నా పేరుంది కదా."

"తప్పు పడిందంటుంది. స్కూలు రిజిస్టర్లో కూడా వాళ్లమ్మ పేరు తప్పే పడిందట. నేనేం చెప్పినా దాని దగ్గర జవాబుంది. నువ్వు చెబితే వింటుందక్కా. ఫోటో తీసినదానివి నువ్వు. 'ఇది పాతది, అమ్మ లేదు' అని ఒక్క మాట చెప్పు. మళ్లీ ఆరున్నరకి బస్సుంది మాకు."

అంతే అడిగాడు. టైలరమ్మ తలూపింది. ఆమెకి అతని కాళ్ల మీద పడాలనిపించింది. పడితే ఎందుకు పడుతున్నావంటాడు. అందుకని పడలేదు.

"డబ్బొచ్చిందా దానికి?" అన్నాడు.

"వచ్చింది. మూడో కీమో కట్టాం. రేపు నాలుగోది."

"మంచిది." నిజంగానే అన్నాడు. "నేను డిపోలో అందరినీ అడిగాను. తలా కొంత ఇచ్చారు, పాపం వాళ్లకి మాత్రం ఏముంటుంది? ఇలా మొహం చూపిస్తే ముక్కూ మొహం తెలియనివాళ్లు ఇస్తారని నాకు తట్టలేదు. ఎవరూ చెప్పలేదు కూడా. ఎప్పుడు పెట్టావక్కా ఇది?"

"ఆవిడ పోయాక," అంది టైలరమ్మ.

అబద్ధం అంత తేలిగ్గా వస్తుందని ఆమెకి తెలియదు. జాకెట్టుకి గుండీ పెట్టినంత సులువుగా వచ్చింది.

పిట్ట ఒళ్లో ఉన్న ఫోన్ వంక చూసుకుంది. ఆ ఫోటో పక్కనే తారీఖు ఉంది. పొద్దున్నుంచీ ఆమె చూస్తున్నది ముఖాన్ని మాత్రమే. ఇప్పుడు తారీఖు చూసింది. తర్వాత అక్కని చూసింది. మెల్లగా ఫోన్ బోర్లా తిప్పి దిండు కింద పెట్టింది.

"పోయాక కదా, పోన్లే," అన్నాడు డ్రైవరు. "పోయాక అయితే తనకి పోయేదేముంది. ఉండగా అయితే..."

టోపీ మళ్లీ తిప్పడం మొదలుపెట్టాడు.

అప్పుడు వినబడింది, నడవాలో తలుపు తట్టిన చప్పుడు. ఎవరో తెరిచారు.

"మా అమ్మ ఉందాండీ?"

ఆరో గది. ఏదో జవాబు. తలుపు మూసుకుంది. నాలుగడుగులు. మళ్లీ తట్టడం.

"మా అమ్మ ఉందాండీ?"

"ఎవరమ్మా మీ అమ్మ?" కొత్తగా వచ్చిన ఏడో గది ముసలాయన గొంతు.

"ఈ గదిలోనే ఉండేదండీ. గది మార్చుంటారు. సన్నగా ఉంటుంది."

డ్రైవరు లేవలేదు. లేచి వెళ్లి ఆపుతాడేమో అని టైలరమ్మ చూసింది. అతను రెండు అరచేతులూ చెవులకి ఆనించుకుని నేలవైపు చూస్తున్నాడు. ఎనిమిదో గది తలుపు. ఎవరూ తియ్యలేదు. పాప ఓపిగ్గా మూడుసార్లు తట్టింది.

తొమ్మిదో గది తలుపు తెరిచే ఉంది.

పదకొండేళ్లుంటాయి. రెండు జడలు, రెండూ తనే వేసుకున్నట్టుంది, ఒకటి చెవి మీదికి, ఒకటి మెడ వెనక్కి. భుజాన గుడ్డ సంచీ. లోపలికి వచ్చి, మంచం మీద రుమాలు కట్టుకుని కూర్చున్న మనిషిని చూడగానే సంచీ కింద పడేసి రెండడుగులు ముందుకి వేసింది. ఆగింది.

"మీరు కాదు," అంది పిట్టతో, తప్పు తనదే అన్నట్టు.

"కాదమ్మా," అంది పిట్ట.

"అత్తా, బాగున్నారా?" పాప టైలరమ్మవైపు తిరిగింది. "అమ్మ ఫోన్‌లో మీ గురించి చెప్పింది. జేబున్న జాకెట్టు కుట్టారని. అదే వేసుకుంది ఫోటోలో. అమ్మది ఏ గది ఇప్పుడు?"

"అత్త చెబుతుంది, విను," అన్నాడు డ్రైవరు. "అది పాత ఫోటో నాన్నా."

"పాతది కాదు నాన్నా. నేను లెక్క చూశానుగా."

సంచీలోంచి నోటు పుస్తకం తీసింది. చివరి పేజీలో పెన్సిలుతో గీతలు గీసి రాసుకుంది. పిట్ట మాత్రం ముందే కళ్లు మూసుకుంది. ఇరవై ముగ్గురు పిల్లల ముందు రోజూ లెక్కలు చెప్పిన మనిషి. లెక్క ఎటు పోతోందో ఆమెకి తెలిసిపోయింది.

"ఫోటో పెట్టింది సోమవారం," అంది పాప, వేలు పెట్టి చూపిస్తూ. "దాని పక్కనే ఉంటుంది తారీఖు. డబ్బులిచ్చిన వాళ్ల పేర్ల పక్కన కూడా ఉంటుంది. సోమవారం, మంగళవారం, బుధవారం, మూడు రోజులదీ కలిపి లెక్కేశాను. ఇంత. నాన్న ఏమో ఆ వారమే గురువారం అమ్మని ఇక్కణ్ణించి తీసుకెళ్లిపోయాను అన్నాడు. ఇక మందులు లేవు, డాక్టర్లు ఏం చెయ్యలేమన్నారు అన్నాడు. ఏం చెయ్యలేకపోతే సోమవారం డబ్బులెందుకు అడుగుతారు? పోనీ డబ్బులు లేకే అనుకుంటే, బుధవారానికే ఇంత వచ్చాయి. డబ్బులు వచ్చాక ఎవరైనా తీసుకెళ్లిపోతారా? తీసుకెళ్లరు. అందుకని అమ్మ ఇక్కడే ఉంది."

పుస్తకం మూసి, ఎవరైనా కాదనమన్నట్టు ముగ్గురినీ చూసింది.

డ్రైవరు చెయ్యి చాచి ఆ పుస్తకం తీసుకున్నాడు. ఆ పేజీ మళ్లీ తీశాడు. చాలాసేపు చదివాడు. మూడు గీతల లెక్క అది. అంతసేపు చదవడానికి అందులో ఏమీ లేదు.

"సోమవారం," అన్నాడు.

పుస్తకం మూసి పాప చేతికిచ్చాడు.

"బుధవారం సాయంత్రం నేను ఈ గుమ్మంలోనే నిలబడ్డాను అక్కా. ఒక్క కీమోకి సర్దు, జీతం రాగానే నీ చేతిలో పెడతానన్నాను. నువ్వేమన్నావు?"

"లేవన్నాను."

"ఉన్నాయా?"

"తమ్ముడూ," అంది పిట్ట, మంచం దిగబోతూ. "ఆ డబ్బు నాకోసం దాచింది. తప్పంతా..."

"మిమ్మల్ని అడగలేదు."

టైలరమ్మ చేతులు మిషను బల్ల మీద ఉన్నాయి. వాటికి ఏదో ఒక పని కావాలి. సూది కింద బట్ట లేదు. పిట్ట కళ్లతోనే వద్దంటోంది, ఒక్క మాట, ఒక్క చిన్న మాట అబద్ధం చెప్పు, వెళ్లిపోతారు, ఆరున్నరకి బస్సుంది వాళ్లకి.

"ఉన్నాయి," అంది టైలరమ్మ. "ఆ రోజు పొద్దున్నే మొదటి విడత ఖాతాలో పడింది. రెండు కీమోలకి సరిపడా. ఒకటి రెండు రోజుల్లో పిట్టకి కట్టాలి. రెండోది దాచుకున్నాను."

అతనికి ఏమీ దాచకుండా ఆమె చెప్పిన మొదటి నిజం అది. చెప్పాక తేలికపడుతుందని ఆమె అనుకుంది. ఏమీ తేలికపడలేదు.

డ్రైవరు స్టూలు మీంచి లేచాడు. టోపీ పెట్టుకున్నాడు, మళ్లీ తీశాడు. అతని పెదవులు కదులుతున్నాయి. ఏదో కూడుతున్నాడో, తీసేస్తున్నాడో.

"ఒక్క కీమోతో బతికేది కాదేమో," అన్నాడు చివరికి. గొంతులో కోపం లేదు, అది లేకపోవడమే భరించలేకుండా ఉంది. "డాక్టరు కూడా అలాగే అన్నాడు. చెప్పలేం అన్నాడు. బతకదు అనలేదు, చెప్పలేం అన్నాడు."

తర్వాత కూతురి తల మీద చెయ్యి పెట్టాడు.

"డాక్టర్లు ఏం చెయ్యలేమన్నారని దీనికి చెప్పింది నేను. డబ్బు లేక తీసుకొచ్చేశానని చెప్పలేకపోయాను. ఆ అబద్ధం నాది. ఇప్పుడు నా నోటితో ఏం చెప్పినా నమ్మదు. నువ్వే చెప్పు అక్కా. మొత్తం చెప్పు. ఒక్క ముక్క దాచినా అది పట్టేస్తుంది, చూశావుగా. చెప్పాక కిందికి పంపించు."

పాప, "నాన్నా," అంది. అతను ఆగలేదు. తలుపు దగ్గరికి వేసి వెళ్లాడు. బరువైన బూట్లు నడవా దాటి, ఒక్కో మెట్టూ దిగి, కింద మేనేజరు బల్ల దగ్గర ఆగిపోవడం గదిలో ముగ్గురికీ వినిపించింది.

పిట్ట జరిగి మంచం మీద చోటిచ్చింది. పాప కూర్చోలేదు.

టైలరమ్మ నేల మీద కూర్చుంది, పాప ముఖం తనకంటే పైకి ఉండేలా. ఆ కళ్లు తల్లివే. ఇన్ని రోజులుగా చిన్న గుండ్రంలోంచి చూసిన కళ్లు ఇప్పుడు ఒక మూర దూరంలో, రెప్ప వెయ్యకుండా ఉన్నాయి.

"మీ అమ్మ లేదమ్మా," అంది. "నాన్న చెప్పింది నిజం. ఫోటో పెట్టినప్పుడు ఉంది. ఆ తర్వాత పోయింది. ఆ ఫోటో నేను పెట్టాను, మా చెల్లెలి కోసం. మీ అమ్మకి చెప్పలేదు. వచ్చిన డబ్బు మీ అమ్మకి ఇవ్వలేదు."

పాప ఏడవలేదు. కింద పడ్డ సంచీని కాలితో కొంచెం దగ్గరికి జరుపుకుంది. అందులోంచి చీర అంచు బయటికి వచ్చింది.

"మీరు ఆఖరిసారి ఎప్పుడు చూశారు అమ్మని?"

"గురువారం. మెట్ల మీద. కుర్చీలో కూర్చోబెట్టి మీ నాన్న, మేనేజరు దించుతున్నారు. నేను పైన నిలబడ్డాను."

"అమ్మ మిమ్మల్ని చూసిందా?"

"చూసింది. చెయ్యి ఊపింది."

"మీరేమన్నారు?"

"ఏమీ అనలేదు." టైలరమ్మ గొంతు ఇక అక్కడ ఆగిపోవాల్సింది, కానీ మొత్తం చెప్పమన్నాడు. "పిలుద్దామనుకున్నాను. నోటి దాకా వచ్చింది. పిలవలేదు."

పాప చీర అంచుని సంచీలోకి తోసింది. లెక్కలో ఏదో ఒక అంకె వదిలేసినట్టు నుదురు ముడిచి, మూసిన తలుపు వైపు ఒకసారి చూసి, మళ్లీ టైలరమ్మని చూసింది.

"పిలిస్తే ఆగేదా అత్తా?" అంది.